సుగ్గి పండగ కాదు సార్

కరోనా తర్వాత బడులు మళ్లీ దారిన పడిన ఏడాది. పడమటి కర్నూలు పల్లెల్లో నేను క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ని. అంటే కొన్ని ఊళ్ల బడులు తిరుగుతూ, ఏ పిల్ల వస్తోంది, ఏ పిల్ల మానేసేలా ఉంది అని కనిపెట్టి ఉండే ఉద్యోగం. కనిపెట్టడం వరకే నా పని. ఆపడానికి కావలసిన డబ్బు పైనుంచి రావాలి.

వానలు మొహం చాటేస్తే మా ఊళ్లు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే గుంటూరు వైపు పత్తికీ మిరపకాయలకూ కూలికి వలస పోవడం. పిల్లలు ఊళ్లోనే ఆగాలంటే బడిలో సీజనల్ హాస్టల్ పెట్టాలి. పెద్దలు తిరిగొచ్చేదాకా పిల్లలకు అక్కడే తిండి, పడక. వలస బండి కదలకముందు తెరిస్తేనే అది పనికొస్తుంది.

ఎనిమిదో తరగతి నాగవేణి బోర్డు మీద నేను చేసిన లెక్కలో తప్పు పట్టే పిల్ల. వాళ్లమ్మ ఈరమ్మ నాతో తేల్చి చెప్పింది.

“హాస్టలు తెరిస్తే పాపను ఈడ్నే ఇడిసి పోతాం సార్. లేకుంటే వయసొచ్చిన పిల్లను యాడ ఇడిసేది?”

పిల్లలు సుగ్గికి పోతున్నారు, వెంటనే హాస్టల్ మంజూరు చేయండి అని జిల్లా ఆఫీసుకు రాసి పంపాను. ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఫోన్ చేస్తే కొత్తగా వచ్చిన అధికారి ఎంతో మర్యాదగా జవాబిచ్చారు.

“పండగకు వెళ్లే పిల్లలకు హాస్టల్ ఎందుకండీ?”

కన్నడం తెలిసినవాళ్లెవరినో అడిగారట. వాళ్లు సుగ్గి అంటే పంటల పండగ అన్నారట. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. విడమరిచి చెప్పాను. ఫైలు తిప్పి పంపేశాం, మళ్లీ పెట్టుకోండి అన్నారు. పైగా ఇంకా ఎవరూ బడి మానలేదు కదా, మానేస్తే బ్రిడ్జ్ కోర్సుకు నిధులు సిద్ధంగా ఉన్నాయని ధైర్యం చెప్పారు. మానేసిన పిల్లల్ని తిరిగి బడిలో కలిపే చదువు అది.

ఈలోగా కూలీలను తీసుకుపోయే మేస్త్రి బండి వచ్చింది. వంట సామాను పక్కన ఇరుక్కుని కూర్చున్న నాగవేణి, “హాస్టలు తెరిస్తే ఫోన్ చేస్తారా సార్?” అంది. చేస్తానన్నాను.

మళ్లీ పెట్టిన ఫైలు కదిలి హాస్టల్ తెరిచేసరికి ఊళ్లో ముసలివాళ్లే మిగిలారు. చూడటానికి వచ్చిన ఆ అధికారి కొత్త దుప్పట్ల మధ్య నిలబడి పిల్లలేరని అడిగారు.

“సుగ్గికి పోయారు సార్,” అన్నాను. ఈసారి ఆయనకు అర్థమైంది.

మాట ప్రకారం ఫోన్ చేశాను. కూలి మానుకుని పిల్లను ఎవరు తోలుకొస్తారని ఈరమ్మ నన్నే అడిగింది. నాగవేణి పరీక్షలు అయిపోయాక వచ్చింది. మిరప ఘాటుకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. బడి మానేసిన పిల్లగా ఆమె పేరు పంపాను. బ్రిడ్జ్ కోర్సు డబ్బు వారంలో వచ్చింది.

ఆ వేగం నాకు పాఠం నేర్పింది. ఇప్పుడు నేను సుగ్గి అని రాయను. పిల్లలు తరగతిలో కూర్చుని ఉండగానే, బడి మానేశారని రాసి పంపుతాను, ఆ బ్రిడ్జ్ కోర్సు డబ్బుతోనే బండి రాకముందు హాస్టల్ తెరుస్తాను. డబ్బు వేళకు వస్తోంది.