వదిన అరచేతిలో చుక్క

ఇవాళ పొద్దున ఫోను టింగుమంది. ఏదో చీరల దుకాణం ప్రకటన. వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతున్న మా వదిన వెంటనే అడిగింది, "అదేనా మరిదీ?" "కాదు వదినా" అన్నాను. ఫోను మోగినప్పుడల్లా మా ఇంట్లో ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

ఈ పిచ్చి అంటించింది నేనే. సూరత్‌లో మా నవాగామ్ వైపు మగ్గాలకు వారానికోరోజు సెలవు. ఆ పూట చాయ్ తాగుతూ ఫోనులో నక్షత్రాలు చూసేవాణ్ణి. ఆకాశంలోని టెలిస్కోపు ఒక్కో నక్షత్రం వెలుగును కొలిచి చుక్కల వరుసగా పంపుతుంది. ఏదైనా గ్రహం దానికి అడ్డంగా పోతే వెలుగు కాస్త తగ్గి, వరుసలో చిన్న పల్లం పడుతుంది. ఆ పల్లాలను వెతికిపెట్టడానికి లోకమంతటా నాలాంటి పనీపాటా లేనివాళ్లున్నారు. చీరలకు రాళ్లు అంటించే మా వదిన ఓసారి తొంగిచూసి, "ఏంది మరిదీ, గిన్ని చుక్కలు వెట్టిన్రు, ముగ్గెయ్యుడు మర్శిన్రా?" అంది. అంతే, ఆపైన సెలవునాడు ఫోను నాకు దక్కితే ఒట్టు! "జర అన్నం వెట్టి చూడవే" అని అన్నయ్య మొత్తుకునేవాడు.

ఒకనాడు ఆమె కేక పెట్టింది. నిజంగానే ఓ పల్లం, గిన్నె అడుగులా. ఆ టెలిస్కోపు వాళ్లకు పంపించాం. జవాబొచ్చింది: బాగుంది, కానీ ఒక్కసారి పడితే చాలదు, మళ్లీ పడాలి, టెలిస్కోపు ఇప్పుడు వేరే దిక్కు తిరిగింది, అది ఇటు వచ్చేదాకా ఆగండి. "ఆగుదాం తియ్, యాడికి పోతం" అంది వదిన.

పోయేది ఆమె చూపేనని అప్పటికి మాకు తెలియదు. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. "నా కన్నొకటి పెట్టరాదా సాబ్?" అని అన్నయ్య అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. వదినకు ఒకటే ఆశ, ఆ రెండో పల్లం తన కళ్లతో చూడాలని. టెలిస్కోపును తిప్పడం నా చేతిలో పనా?

అది ఇటు తిరిగేసరికి ఆమెకు వెలుతురూ చీకటీ తేడా మాత్రమే తెలిసేది. నేను ఫోను తెరవగానే అరచేయి చాపింది. "గీడ గియ్యి మరిదీ. ఎట్లుంటే గట్లనే గియ్యాలె. అబద్ధం గీస్తివో, చూడు!" మణికట్టు దగ్గర వేలు పెట్టి ఆ చుక్కల వరుసను గీయడం మొదలుపెట్టాను. సాపు. ఇంకా సాపు. నా వేలు ఎక్కడ కిందికి వంగుతుందోనని ఆమె ఊపిరి బిగబట్టింది. వంగాలని నేనెంత కోరుకున్నానో! నడిమి వేలి చివర గీత అయిపోయింది.

"ఒడిసిందా?"

"ఒడిసింది వదినా."

"మల్లొస్తది తియ్. జర దూరం తిరిగొస్తదేమో" అని చెయ్యి ముడుచుకుంది. మళ్లీ పల్లం పడితే ఫోనుకు కబురొస్తుందని చెప్పాను.

ఇవాళ "కాదు" అన్నాక వంటింట్లోకి తొంగిచూశాను. పిండి అంటిన అరచేయి ఇంకా తెరిచే ఉంది. ఆ గ్రహం ఎన్నేళ్లకు తిరిగొస్తుందో ఏమో. కాలానికేం తొందర, తొందరంతా మనుషులదే.