లక్క సీలు వేసిన కంప్యూటర్

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వేసవిలో చేపల వేటపై ఉండే నిషేధం ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుందనగా, మైపాడు వైపు పడవల రిజిస్ట్రేషన్లు చూసే ఒక చిన్న ఆఫీసుకు నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. నేను చేరిన ఉదయమే అక్కడి పాత ల్యాప్‌టాప్ మూలపడింది. ఉప్పుగాలికి లోపలంతా తుప్పు.

అప్పటికే పడవ యజమాని పెంచలయ్య నా బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఆయన రిజిస్ట్రేషన్ కాగితం సముద్రంలో తడిసి ముద్దయింది. నకలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. కాగితం లేకుండా పడవ కదిలితే గస్తీవాళ్లు పట్టుకుంటారు. రెండు నెలలుగా వేట లేని ఆరు కుటుంబాలకు ఆ పడవే ఆధారం.

ల్యాప్‌టాప్ పోయినంత మాత్రాన హార్డ్ డిస్క్ పోయినట్టు కాదు. స్క్రూలు విప్పి డిస్క్ బయటికి తీశాను. దాన్ని యూఎస్‌బీకి కలిపే కేబుల్ ఉంటుంది. నెల్లూరు నుంచి బస్సులో తెప్పించాను. తీరా ఆఫీసులో ఉన్న ఇంకో కంప్యూటర్ దగ్గరికి వెళితే, ఖాళీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ లక్క సీళ్లు. వైరస్ భయంతో పైఆఫీసు ఇచ్చిన ఉత్తర్వట. పగలగొట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. ఒళ్లు మండింది. అయినా అర్జీ పంపాను.

మర్నాడు సాయంత్రం అనుమతి వచ్చింది, పెన్‌డ్రైవ్‌లో. అది చదవాలన్నా సీలు పగలగొట్టాలి కదా అని ఫోన్ చేశాను. అనుమతి చదవకుండా ఎలా పగలగొడతారని పైఆఫీసు సూపరింటెండెంటు గారు మందలించారు. పోనీ మీరే చదివి వినిపించండి అంటే, నోటిమాట చెల్లదన్నారు.

కాగితం కోసం మళ్లీ వచ్చి కూర్చున్న పెంచలయ్య నింపాదిగా అడిగాడు. "ఆ మౌసు వైరు పీకి ఆ బొక్కలో పెట్టకూడదా సార్? దానికి సీలు ఎయ్యలేదు గదా."

ఉత్తర్వు మళ్లీ చదివాను. ఖాళీ పోర్టులు అనే ఉంది. పెన్‌డ్రైవ్‌ను సొరుగులో పడేసి, మౌస్ పీకి డిస్క్ తగిలించాను. ఫార్మాట్ చేయమంటారా అని తెర అడిగింది. అంటే ఉన్నదంతా తుడిచేయడం. మౌస్ లేదు, పొరపాటున ఎంటర్ నొక్కితే ఆరిళ్ల నోట్లో మట్టి. నిజంగా భయమేసింది. ఎస్కేప్ నొక్కాను. ఆ ప్రశ్న డిస్క్‌లోని ఒక చిన్న భాగం గురించేనట. రెండో భాగం బుద్ధిగా తెరుచుకుంది. బాణం మీటలతోనే వెతికి, నకలు తీసి, ముద్ర వేసి ఇచ్చాను. నిషేధం ముగిసిన రోజే ఆయన పడవ వేటకు వెళ్లింది.

జరిగింది జరిగినట్టు నివేదిక రాశాను. వారంలో కొత్త ఉత్తర్వు వచ్చింది: ఇకపై మౌస్ వైరును కూడా పోర్టుతో కలిపి సీలు చేయాలి. చేయించాను. కీబోర్డు వైరు మాట అందులో లేదు. నేనూ ఎత్తలేదు. పైఆఫీసుకు ఏది రాయాలో ముప్పై ఏళ్లలో నేర్చుకున్నాను; ఏది రాయకూడదో ఆ వారంలో తెలిసింది.