ఖాళీ వచ్చిందని నేను చెప్పిన రోలు

పదిహేడేండ్ల నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్న. నా భార్యకు చెప్పలే. చర్చిల, గుడిల, పోయిన నెల దాక ఎక్కడా ఎవ్వరి ముందటా నోరు తెరవలే. ఎవరికైతే చెప్పాల్నో ఆ మనిషి ఎదురుంగ కూసొని ఏండ్ల కొద్దీ చాయ్ తాగిన, ఆయనకూ చెప్పలే. మొదట్ల అది చిన్నదే అనుకున్న. చిన్నదైతే ఇన్నేండ్లు ఇట్ల లోపల ఎందుకు కూసుంటది? మీరెవరో నాకు తెల్వదు. గందుకే మీకు చెప్తున్న. తెలిసినోళ్లకు చెప్పుకుంట పోతే నడుమల నన్ను నేను జర మంచోణ్ణి చేసుకుంటనేమో అని భయం.

ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద నాకు ఫోటో స్టూడియో ఉంది. నాది అంటున్న గని, అది నర్సింహ అన్న పెట్టిన స్టూడియో. ఆయన దగ్గర నేను తొమ్మిదేండ్లు పనిచేసిన. కెమెరా ఎట్ల పట్టాల్నో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాల్నో, మనిషిని నవ్వమని చెప్పకుంట ఎట్ల నవ్వియ్యాల్నో అన్నీ ఆయన నేర్పినయే. అన్న చేతుల ఉండేది ఫిలిం కెమెరా. డిజిటల్ అప్పుడప్పుడే మా దిక్కు వస్తున్నది. నేను ఒకటి కొనుక్కున్న. కొన్న కాన్నుంచి అన్న వెంట పడ్డ. ఫిలిం రోలు మార్చే పని లేదు, కడిగేదాక ఆగే పని లేదు, తీసింది అప్పుడే చూసుకోవచ్చు, నచ్చకపోతే మళ్ల తియ్యొచ్చు అని. తీసేటప్పుడు చూడాలె గని తీసినంక చూసి ఏం జేస్తవ్ రా, అని నవ్వేటోడు. ఆ నవ్వు నాకు మస్తు కోపం తెప్పించేది. ఆయన నన్ను ఎన్నడూ తక్కువ చెయ్యలే. మరి నాకెందుకు తక్కువైనట్టు అనిపించేది?

ఆఖరికి అన్ననే ఒక మాట అన్నడు. వచ్చే పెండ్లికి ఇద్దరం పోదాం, ఆయన ఫిలిం తీస్తడు, నేను డిజిటల్ తీస్త, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. నాది మంచిగుంటే ఆయన కెమెరా పక్కన పెట్టి నా దగ్గర నేర్చుకుంటడు. ఫిలిం మంచిగుంటే ఇంకొన్ని రోజులు ఫిలిమే. ఇంతకన్న న్యాయంగ ఎవరు మాట్లాడుతరు?

ఆ పెండ్లి కోహెడ దిక్కు ఒక చర్చిల. పెండ్లిపిల్ల పేరు రూతు. తల్లి సువార్తమ్మ, కుట్టుపని చేసి బిడ్డను చదివించిన మనిషి. అప్పటికే ఆమెకు పానం బాగలేదు, దవాఖాన చుట్టు తిరుగుతున్నది. బిడ్డ పెండ్లికని తెల్లచీర మీద తెల్లదారంతోని పువ్వులు కుట్టింది. ఆరు నెలలు కుట్టిందట. దగ్గరికి పోతే తప్ప కనబడని పువ్వులు. ఫోటోలల్ల ఆ పువ్వులు పడాలె అన్న, అని ఆమె ముందుగాలనే అన్నకు చెప్పుకున్నది.

చర్చి లోపల ఇద్దరివీ మంచిగనే వచ్చినయ్. కథంతా బయట అయింది. పెండ్లయి అందరు బయటికొచ్చేసరికి నడినెత్తిన ఎండ. తెల్ల గోడ, తెల్ల చీర, కండ్లు తెరవరానంత వెలుగు. నేను వరుసబెట్టి నొక్కుతనే ఉన్న. నొక్కినప్పుడల్ల కెమెరా వెనుక తెర చూసుకునుడు. ఎండల ఆ తెర మీద ఏం కనబడలే. చెయ్యి అడ్డం పెట్టి, పక్కకు తిరిగి, వంగి చూసుకున్న. మంచిగనే ఉన్నట్టు అనిపించింది. నేను తల ఎత్తేటప్పటికి అన్న కెమెరా కిందికి దించుతున్నడు. ఏదో అయిపోయింది, ఆయన తీసిండు, నేను చూడలే. గంతే తెలిసింది నాకు.

అన్న తీసిన మూడు ఫిలిం రోళ్లు దిల్‌సుఖ్‌నగర్ లాబ్‌ల కడిగిచ్చి తెచ్చే పని నాదే. దానికంటె ముందుగాలనే నావి కంప్యూటర్ల చూసుకున్న. బయట తీసిన ప్రతి ఫోటోల చీర కాగితం లెక్క తెల్లగ ఉంది. ఒక్క పువ్వు లేదు, ఒక్క మడత లేదు. కాలిపోయిన తెలుపు అది. కంప్యూటర్ల వెలుగు ఎంత తగ్గించినా బూడిద రంగు వచ్చింది గని పువ్వు రాలే. ఇయ్యాలటి కెమెరాలైతే ఆ తెలుపును పట్టేవి, అది నాకు తెలుసు. ఆ రోజు నా కెమెరా వల్ల కాలే. నా వల్ల కూడా కాలే. వెలుగు జర తగ్గిచ్చి తియ్యాలన్న సోయి ఉంటే కొంతన్న దక్కేది.

లాబ్ నుంచి వచ్చేటప్పుడు బస్సుల కిటికీ పక్క కూసొని కవర్ విప్పిన. మూడో రోలు చర్చి బయటది. ప్రతి ఫోటోల పువ్వులు ఉన్నయ్. దారం నీడ కూడా కనబడ్తున్నది. ఒక ఫోటో ఉంది. రూతు నిలబడ్డది. సువార్తమ్మ కింద కూసొని బిడ్డ కుచ్చిళ్లు సవరిస్తున్నది. ఆమె వేళ్లు ఆ తెల్ల పువ్వుల నడుమ ఉన్నయ్. తల పైకెత్తి బిడ్డ ముఖం చూస్తున్నది. బిడ్డ తల్లిని చూస్తున్నది. వాళ్లిద్దరు తప్ప లోకంల ఎవ్వరు లేనట్టు. నేను తెర చూసుకుంటున్నప్పుడు అయిపోయింది గదే.

నేను చూసిన ఫోటోలల్ల అంత మంచిది ఇంకోటి లేదు. ఆ ముచ్చట నాకు ఆ బస్సులనే తెలిసింది. తెలిసే ఆ రోలు నెగటివ్‌లు, ఫోటోలు తీసి నా సంచి అడుగుకు పెట్టిన. కోపంల చేసిన్నా? కాదు. బస్సు దిగేటప్పటికి చేతులు చల్లగున్నయ్, తలకాయ నిమ్మళంగుంది. ఏం చెప్పాల్నో కూడా తయారు చేసుకున్న.

అన్న స్టూడియోల ముందటి బల్ల మీద కూసొని ఉన్నడు. రెండు రోళ్లు చేతికిచ్చిన.

"అన్న, మూడోది ఖాళీ వచ్చింది."

"ఖాళీనా? ఏది?"

"చర్చి బయట తీసింది. కెమెరా లోపల ఫిలిం పండ్ల చక్రానికి పట్టుకోలేదట. తిరగనే లేదట."

"ఏదీ, ఆ ఫిలిం?"

"ఏం లేదని లాబోళ్లే పారేసిన్రు."

అన్న తన కుడిచెయ్యి దిక్కు చూసుకున్నడు. బొటనవేలు ఒకసారి ఆడిచ్చిండు, ఫిలిం తిప్పుతున్నట్టు.

"నేనే సరిగ ఎక్కియ్యలే కావచ్చు," అన్నడు. "గిట్ల ఎన్నడు కాలే రా నాకు. సువార్తమ్మకు ఏం చెప్తం?"

"నావి ఉన్నయ్ గద అన్న," అన్న నేను.

గంతే. లాబ్‌కు ఒక్క ఫోన్ చేసుంటే నేను దొరికిపోయేటోణ్ణి. చెయ్యలే. నేను చెప్పిన్నంటే అది నిజమే అని ఆయన లెక్క.

ఆల్బం ఇయ్యనీకె ఇద్దరం పోయినం. సువార్తమ్మ ఫోటో మీద వేలు పెట్టి అటు ఇటు రాసింది, పువ్వులు కాగితం కింద ఉన్నయేమో అన్నట్టు. ఎండ జోరుగుండె, మీరేం జేస్తరు బిడ్డ, అన్నది. ఆ మాట నాతోని అన్నది. అన్న తల దించుకొని చేతులు జోడిచ్చిండు, తప్పు నాదమ్మా అని. నేను పక్కనే నిలబడ్డ. అప్పుడన్నా చెప్పొచ్చు గద? వానకాలం వెళ్లకముందే ఆమె చనిపోయింది.

ఖాళీ రోలు కంటె పువ్వుల్లేని ఫోటోలే మేలని అన్న ఓటమి ఒప్పుకున్నడు, మాట తప్పలే. కెమెరా బట్టల చుట్టి బీరువాల పెట్టిండు. నా వెనుక నిలబడి డిజిటల్ నేర్చుకున్నడు, నేను ఆయన దగ్గర నేర్చుకున్నట్టే. గని పెండ్లిళ్లకు రమ్మంటే నువ్వు పో, నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది అనేటోడు. కొన్నేండ్లకు స్టూడియో నాకే అప్పజెప్పి బడంగ్‌పేట్‌ల బిడ్డ ఇంటికి పోయిండు. నా పని పెరిగింది. డిజిటల్ గెలిచింది. నేను ఆ పని చెయ్యకున్నా గెలుస్తుండె, రెండు మూడేండ్లు అటు ఇటు. నన్ను తినేది గదే. ఎట్లయినా వచ్చేదాని కోసం నేను ఒక మనిషికి తన చెయ్యి మీద ఉన్న నమ్మకం తీసేసిన.

పోయినేడు అన్న చనిపోయిండు. పదకొండో రోజు నేను పోతే ఆయన బిడ్డ లక్ష్మి ఒక ముచ్చట చెప్పింది. "బాపు ఎప్పుడు నీ గురించే చెప్పేటోడు. వేరేటోడైతే నా ముఖం చూసి ఆ రోలు సంగతి దాస్తుండె, మావోడు ఉన్నదున్నట్టు చెప్పిండు అని." తింటున్న ఇస్తారి అట్లనే ఇడిచిపెట్టి లేచిన. చెయ్యి కడుక్కొని బయటికొచ్చిన.

నెగటివ్‌లు నా దగ్గరనే ఉన్నయ్. కాలబెట్టనీకె రెండుసార్లు తీసిన, చేతులు రాలే. వాటిని స్కాన్ చేసి ఫోటోలు పెద్దగ తీయిచ్చిన. పదిహేడేండ్లు మూతేసి పెట్టినా ఒక్క పువ్వు కూడా మాసిపోలే. రూతు ఇప్పుడు బొంగులూరుల కొత్త కాలనీల ఉంటది. పోయిన నెల తీస్కపోయి ఇచ్చిన, జరిగింది జరిగినట్టు చెప్పిన. ఆమె తల్లి ఉన్న ఫోటో చేతులకు తీసుకొని పువ్వుల మీద వేలు పెట్టింది. మా అమ్మ చూడాల్సింది ఇది, అన్నది. తర్వాత, మీరు పోండ్రి, అన్నది. వచ్చేసిన. మళ్ల ఫోన్ రాలే. రావాలని నేను అనుకోవద్దు కూడా.

మాఫీ అడుగుతలేను. ఎవరినని అడగాలె? అడగాల్సిన ఇద్దరు లేరు. లక్ష్మి ముందట మాట వస్తదో రాదో అని, తెల్వని మనిషికి చెప్పుకుంటున్నట్టు ఇదంతా రాసిన. ఈ కాగితాలు ఆమె చేతుల పెడ్త. తండ్రి నన్ను మెచ్చుకున్న మాట ఆమె దగ్గర ఇంకా భద్రంగుంది, అది విరిగిపోతది, నాకు తెలుసు. గయినా ఆమెకు తెల్వాలె. ఇది రాస్తుంటే గుండె మీద ఏదో జర సడలినట్టయింది. అది నాకు దక్కాల్సిందా కాదా అని ఇప్పుడు ఆలోచిస్తలేను.

లక్ష్మీ, మీ బాపు ఆ రోజు ఫిలిం సరిగనే ఎక్కిచ్చిండు. ఆయన చెయ్యి తప్పలే. తప్పు చేసింది నేను.