మైనస్ నూట ఇరవై ఏడు డిగ్రీల చలి

పట్టుపురుగులు చలికి వణికిపోతున్నాయని కాపాడబోయి, ఇంచుమించు వాటిని వేపుడు చేసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే బూదికోటకు రండి. మా ఇల్లు అడిగితే ఎవరైనా చూపిస్తారు. కాకపోతే నవ్వుతూ చూపిస్తారు.

నాలుగేళ్ళ కిందటి మాట. శ్రావణమాసం, మూడో శుక్రవారం. అప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్ళు. చిన్నతనం, తెలిసీ తెలియని వయసు. కేజీఎఫ్‌లో గని కార్మికుల పిల్లలకు ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి వచ్చినదాన్ని. అంకె కనిపిస్తే కళ్ళకద్దుకునే అలవాటు. ఆ అలవాటే నా కొంప ముంచింది.

మా కోడలు మంజుల రోజూ రైల్లో మాలూరు ఫ్యాక్టరీకి పోయివస్తూనే ఆ ఏడు పట్టుపురుగులు పెట్టింది. అదే మొదటి పంట. "ఇది చేతికొస్తే ఉద్యోగం మానేసి ఇంటికాడే ఉంటా అత్తా. పోయిందంటే ఇంగ ఆ రైలే నా గతి" అంది. షెడ్డులో వేడి ఎంతుందో కనిపెట్టడానికి అరచేయంత కంప్యూటరు బోర్డు ఒకటి తానే బిగించింది. దాన్నుంచి మూడు తీగలు పోయి పురుగుల తట్టల పైన వేలాడతాయి. వాటి చివర వేలెడు ఇనుప మొన, అదే సెన్సరు. సెన్సరు వేడిని కొలిచి చెబితే బోర్డు చిన్న తెరమీద చూపిస్తుంది. ఇరవై అయిదు డిగ్రీల చుట్టుపక్కల ఉంటే సరే, తప్పితే కీచుమని అరుస్తుంది.

ఆరోజు పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. జ్వరమంటే రోగమనుకునేరు, కాదు. కుబుసం విడిచే ముందు మేత మాని, తలలెత్తి కదలకుండా పడుకుంటాయి. అప్పుడు వేడీ చలీ మారితే పంట దక్కదు. మంజుల పోతూ పోతూ "అత్తా, ఏమీ ముట్టుకోవద్దు. ఊరికే చూస్తా ఉండు" అని చెప్పింది. ఊరికే చూడడం నా జాతకంలో లేదు.

పదిగంటల వేళ కాఫీ తాగి షెడ్డుకు వచ్చేసరికి బోర్డు అరుస్తోంది. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. మైనస్ నూట ఇరవై ఏడు!

"మునెమ్మా!" అని కేకేశాను. పక్కింటి మునెమ్మ నాకు వరసకు మరదలు. పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమైంది వదినా? పామా?"

"పాము కాదే, చలి! సున్నాకి కింద నూట ఇరవై ఏడు డిగ్రీలు!"

"అంటే శానా చలా?"

"సున్నాకే నీళ్ళు గడ్డకడతాయి. హిమాలయాల్లో కూడా ఇంత ఉండదే!"

మునెమ్మ కొంగుతో మెడమీద చెమట తుడుచుకుంటూ, "అయ్యో దేవుడా! అందుకే కాబోలు నాకు వణుకు పుడతా ఉండాది" అంది.

చెమట నాకూ కారుతోంది. అది భయానికి పట్టిన చెమట అని తేల్చేశాను. జవాబు ముందే అనుకుని దానికి సరిపడా లెక్క అల్లే పిల్లల్ని నేనెందరిని బెంచీ ఎక్కించానో!

"పురుగులు చచ్చినాయా వదినా?"

"కదలడం లేదు."

"కదలకుంటే చచ్చినట్టే కదా!"

"జ్వరంలో కదలవే!"

"చచ్చినా కదలవు గదా!"

మంజులకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. డ్యూటీలో ఫోన్లు లోపలికి పోనివ్వరు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను.

ఇక లాభం లేదని కుంపట్లు వెలిగించాం. మావి రెండు, మునెమ్మవి రెండు. కిటికీలకు గోనెసంచులు కట్టాం. నేను శాలువా కప్పుకున్నాను. మునెమ్మ ముఖం కోలారు మార్కెట్లో టమాటాలా ఎర్రబడింది. తెరమీద అంకె మాత్రం కదల్లేదు.

"ఇంత నిప్పు పెట్టినా ఒక్క డిగ్రీ పెరగలేదే!"

"ఇది మామూలు చలి కాదు వదినా. గిట్టనోళ్ళు ఎవురో చేసిన పని."

మధ్యాహ్నం భోజనాల వేళకు మంజుల ఫోన్ చేసింది. "అన్నిసార్లు చేసినావే, ఏమైంది అత్తా?"

"నీ పంట పోయిందమ్మా! మైనస్ నూట ఇరవై ఏడు!"

ఆ పిల్ల నవ్వింది. "అది చలి కాదు అత్తా. సెన్సరు జవాబియ్యకుంటే బోర్డు ఆ అంకె వేస్తాది. తీగ ఊడిందేమో చూడు."

"మూడూ గట్టిగానే ఉండాయి."

"ఎర్ర తీగకీ పసుపు తీగకీ నడాన రెసిస్టర్ ఉండాదా? అది లేకుంటే సెన్సరు చెప్పేది బోర్డుకు అందదు."

"ఎట్లుంటాది?"

"బియ్యపుగింజ కన్నా రవంత పెద్దది. గోధుమరంగు. ఒంటిమీద చారలు."

అలాంటిదాన్ని నేను పొద్దున్నే చూశాను. పట్టుపురుగులు పెంచేవాళ్ళకు ఊజీ ఈగ అంటే యముడు. అది పురుగుమీద గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలినుంచి తినేస్తుంది, తిని బయటికొచ్చి గోధుమరంగు గింజలా, ఒంటిమీద చారలతో ముడుచుకుని పడుకుంటుంది. శ్రావణ శుక్రవారం కదా అని పొద్దున తీగలు దులుపుతుంటే అచ్చం అలాంటిదే కనిపించింది. "దొంగముండా, నా కోడలి పంటమీదికే వస్తివా!" అని పట్టకారుతో పీకి, రోకలితో నలిపి, పొయ్యిలో వేసి, యుద్ధం గెలిచినదానిలా కాఫీ తాగాను.

"అత్తా, ఉండావా?"

"ఉండాను. అదే... చచ్చిపోయింది."

"ఏది?"

"నీ రెసిస్టరు. ఊజీ అనుకుని నేనే చంపేసినాను."

మంజుల మెల్లగా చెప్పింది. "బోర్డు స్విచ్చి ఆపు. అలమరలో రేకు డబ్బా ఉండాది. పసుపు, ఊదా, ఎరుపు చారలు వరసగా ఉండేది తియ్యి. ఒక కాలు ఎర్ర తీగకి, ఇంకో కాలు పసుపు తీగకి మెలిపెట్టు."

చెప్పినట్టే మెలిపెట్టాను. స్విచ్చి వేశాను. సెన్సరు నోరు విప్పింది.

"ఎంత చూపిస్తా ఉండాది అత్తా?"

"ముప్పై ఎనిమిది."

"ముప్పై ఎనిమిదా! అంత వేడి యాడిది?"

మునెమ్మ నన్ను చూసింది. నేను కుంపట్లను చూశాను. "చలి గదా అని..."

ఈసారి మంజుల నవ్వలేదు. "బయటికి ఈడ్చండి అత్తా! అన్నీ ఈడ్చండి!" అని అరిచింది. ఆ గొంతులో ఏడుపుంది. అంతవరకు నేను పడినది ఉత్త భయం. అసలు భయం అప్పుడు పట్టుకుంది.

కుంపట్లు బయట పడేశాం. గోనెసంచులు పీకి, తడిపి మళ్ళీ కట్టాం. విసనకర్రలతో చేతులు పడిపోయేదాకా విసిరాం. ముప్పై అయిదు. ముప్పై ఒకటి. ఆ అంకె దిగేలోపల నేను పదేళ్ళు ముసలిదాన్నయ్యాను. సగం డ్యూటీలో సెలవు పెట్టి మంజుల వచ్చేసరికి ఇరవై ఏడు.

కుంపటి పక్కనున్న తట్టలో పురుగులు పోయాయి. మంజుల దాన్ని ఎత్తుకుపోయి పారబోసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మిగతావి తెల్లవారి కుబుసం విడిచి జ్వరం నుంచి లేచాయి. ఆకు వేస్తే తల దించుకుని నమలడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు విన్నాకే నాకు అన్నం దిగింది.

పంట చేతికొచ్చింది. మంజుల ఉద్యోగం మానేసింది. మానేసిన మరునాడే షెడ్డు తలుపుకు కొత్త సెన్సరు ఒకటి బిగించింది.

"ఇది దేనికమ్మా? వేడికా, తేమకా?"

"రెండింటికీ కాదు అత్తా. నువ్వు లోపలికి పోతే నా ఫోన్ మోగుతాది."

కాబట్టి తూర్పుముఖంగా నిలబడి, తలస్నానం చేసిన ఒంటితో ప్రమాణం చేస్తున్నాను. నా ఊపిరి ఉన్నంతవరకు, చారలున్న ఏ ప్రాణినైనా సరే, దాని రెండు కాళ్ళూ తీగలకు మెలిపెట్టి లేవని కోడలు వచ్చి చూసి చెప్పేదాకా చంపను.