రంగుల్లేని ఫుట్‌బాల్

మా ఇంటి టీవీ రిపేరుకు వెళ్లిన వారంలోనే కలకత్తాలో పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ వచ్చిపడింది. కలకత్తా పక్కనే ఉన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా నాన్న ఏమాత్రం తొణక్కుండా, "మా పిల్ల కంపూటర్లో టీవీ వొస్తాది, ఆదివారం అందరూ మా ఇంటికొచ్చీండి" అని క్వార్టర్ల లైనంతా చాటింపు వేసి వచ్చారు. నాతో ఒక్క మాట చెప్పలేదు.

నా కంప్యూటర్లో టీవీ బొమ్మ చూపించే టీవీ కార్డు ఉన్న మాట నిజమే. ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరిన కొత్తలో ముచ్చటపడి కొనుక్కున్నాను. కాని మేం దాదా అని పిలిచే కేబుల్ అతని దగ్గర కరెంటు పోయి వచ్చిందంటే చాలు, బొమ్మ నలుపు తెలుపుగా మారి పైకి జారిపోతూ ఉండేది. చొక్కాల రంగులు కనపడకపోతే ఎవరు మనవాళ్లో, ఎవరు అవతలివాళ్లో ఎలా తెలుస్తుంది? పైగా మా లైనులో సగం మంది ఒక జట్టు, సగం మంది ఇంకో జట్టు. నాన్న పరువు వచ్చి నా టేబుల్ మీద కూర్చుంది.

"ఏటే, అవుద్దా?" అని అమ్మ అడిగింది.

"అవుద్దా ఏటి, అయిపోయినట్టే" అని నా బదులు నాన్నే హామీ ఇచ్చేశారు.

కార్డును కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఎవరైనా దిద్దుకునే వీలుతో దాన్ని నెట్‌లో పెట్టారు. దింపుకుని చదివాను. మన టీవీ సిగ్నల్ పాల్ అనే పద్ధతిలో వస్తుంది, అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో. వచ్చేది ఏదో కనిపెట్టడం కార్డులోని చిప్పు పని. ఆ చిప్పు, సిగ్నలే లేనప్పుడు అడిగినా తడుముకోకుండా "ఎన్‌టీఎస్‌సీ" అనేస్తోంది. డ్రైవర్ ఆ మాట నమ్మి అక్కడే ఉండిపోతోంది. తర్వాత పాల్ వచ్చినా మళ్లీ అడగదు. అందుకే రంగులు పోయి బొమ్మ జారిపోతోంది.

నాకు నవ్వాగలేదు. అచ్చం మా నాన్నే! "తెలీదు" అనే మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. స్టేషను బయట ఎవరు దారి అడిగినా చెయ్యెత్తి ఎటో ఒకవైపు చూపించేస్తారు. ఒకసారి ఒక పెళ్లి బృందాన్ని అలాగే పంపేసి, వాళ్లు తిట్టుకుంటూ ఎదురొస్తే నన్ను లాక్కుని సందులోకి తప్పుకున్నారు.

దిద్దింది కొద్ది లైన్లే. సిగ్నల్ లేకపోతే "తెలీదు" అని ఊరుకోమన్నాను. సిగ్నల్ వచ్చి నిలకడపడ్డాక మళ్లీ అడగమన్నాను.

ఆదివారం ఇల్లు కిక్కిరిసింది. అమ్మ వేసిన పకోడీలు వేసినట్టే అయిపోతున్నాయి. ఆట మంచి పట్టులో ఉండగా కేబుల్ పోయింది. అందరూ ఒక్కసారి ఉసూరుమన్నారు. నాన్న నావైపు చూడనే లేదు. కాసేపటికి సిగ్నల్ వచ్చింది. తెర ఒక్క క్షణం తటపటాయించి, పచ్చటి మైదానంతో, చొక్కాల రంగులతో సహా తేటగా నిలబడింది. రెండు జట్లవాళ్లూ కలిసి కేకలేశారు.

నాన్నతో పనిచేసే పక్కింటి మావయ్య ఆశ్చర్యపోయి, "నిన్న నేను సూసినప్పుడు రంగు రాలేదు కదరా, ఏటి సేసింది మీ పిల్ల?" అని అడిగాడు. నాన్న గొంతు సవరించుకున్నారు. ఇంక ఏదో ఒకటి దంచేస్తారని నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"నాకు తెల్దురా" అన్నారు నాన్న, ఎంతో గర్వంగా. "దాన్నే అడుగు."

నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆట సాగుతుండగానే మొదట్నించీ చెప్పుకొచ్చాను. నాన్న తెరకు వీపు పెట్టి కూర్చుని విన్నారు.