అయిదు కంప్యూటర్లు, ఒక బొటనవేలు

కంప్యూటర్ భద్రత గురించి నాకు తెలిసిందంతా మేడ్చల్ గ్రంథాలయంలో నేర్చుకున్నదే. డిగ్రీ మధ్యలో ఆగిపోయినా, కిటికీ పక్కన కూర్చుని, నిఘంటువు దగ్గర పెట్టుకుని ఒక్కో పుస్తకం మూడుసార్లు చదివినవాణ్ణి. ఆ ధైర్యంతోనే ప్రభుత్వ కార్యాలయాలకు భద్రతా పరికరాలు అమ్మే ఉద్యోగంలో చేరాను. నెలలు గడిచినా ఒక్క ఆర్డరూ రాలేదు.

"గీ నెలాఖరుకు ఒక్కటన్న తేకపోతే ఇగ ఇంట్ల కూసో," అన్నాడు మా మేనేజరు.

షామీర్‌పేట దగ్గర ఒక చిన్న కార్యాలయం మీద ఆశ పెట్టుకున్నాను. అక్కడ రోజూ పొద్దున, అందరూ 'కాకా' అని పిలిచే పెద్దాయన, అటెండరు, తాళం తీసి, ఊడ్చి, సీసాల్లో నీళ్లు నింపి, అగరొత్తి వెలిగించి, అదే ఊపులో అందరి కంప్యూటర్లూ తెరిచిపెట్టేవాడు. అయిదుగురి పాస్‌వర్డులూ ఆయనకు కంఠస్థం.

"ఇది చాలా ప్రమాదం మేడం! ఎవరి కంప్యూటర్ వాళ్ల వేలితోనే తెరుచుకోవాలి. కొత్త వేలు చేర్చాలన్నా ముందు పాత వేలు పెట్టాల్సిందే," అని పై అధికారి మేడంకు అరగంట ఉపన్యాసమిచ్చాను. వారం వాడి చూసి, బాగుంటే సంతకం పెడతానన్నారామె. పరికరాలు బిగించి, వేలిముద్రలు ఎలా ఎక్కించాలో కాగితం మీద రాసిచ్చి వచ్చాను.

ఏడో రోజు పొద్దున మేడం ఫోను.

"జల్దీ రా తమ్మీ! ఒక్క కంప్యూటరన్న తెరుసుకుంటలేదు. బయట జనం లైన్ కట్టిన్రు."

అల్వాల్ నుంచి బండి మీద ఉరికాను.

"మీ వేలు పెట్టండి మేడం."

"నాదెందుకు? అందరం కాక వేలే ఎక్కించినం గదా."

"అందరూనా!"

"పొద్దుగాల తెరిసేది ఆయననే గదా! మస్తు సౌలతుండె. ఇయ్యాల సెలవు పెట్టిండు, రావల్‌కోల్‌ల నాట్లున్నయట."

పాత వేలు లేకుండా కొత్త వేలు ఎక్కదు. నా ఉద్యోగం, కాక వేలు రెండూ రావల్‌కోల్ బురదలో ఉన్నాయి.

"కాకా, జెర నీ వేలు కావాలె!" అని రావల్‌కోల్ పొలం గట్టు మీద నుంచి అరిచాను.

"వేలొక్కటే తీస్కపోవయ్యా, మనిషిని ఈడనే ఉంచు," అని నాటేసే ఆడవాళ్లు నవ్వారు.

కాకను బండెక్కించి తెచ్చాను. పొద్దుటి నుంచి నీళ్లలో నాని ముడతలు పడ్డ ఆ బొటనవేలిని యంత్రం గుర్తుపట్టలేదు. ఫ్యాను కింద ఆరబెట్టాం. లైనులో ఉన్నవాళ్లంతా లోపలికొచ్చి "ఊదుండ్రి", "తుడువుండ్రి" అని తలో సలహా ఇచ్చారు. చివరికి తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. అప్పటికప్పుడు ఎవరి వేలు వాళ్లతో ఎక్కించి, కాక వేలు తీసేశాను.

మేడం కలం చేతిలోకి తీసుకుని ఆగారు.

"అంటే రేపటి నుంచి పొద్దుగాల్నే మేమే రావాల్నా?"

"రావాలి మేడం."

"సంతకం పెట్టుండ్రి మేడం," అన్నాడు కాక, కాళ్ల బురద గీక్కుంటూ. "నాట్లన్న నిమ్మలంగ ఏసుకుంట."

ఆమె సంతకం పెట్టారు. కానీ ఆ ఆర్డరు కాగితంలో 'లోపాలు' అన్నచోట, "సిబ్బంది స్వయంగా రావలసి వస్తోంది" అని రాశారు.

ఆర్డరు చూసి మేనేజరు నా భుజం తట్టాడు. తర్వాత ఆ వాక్యం చదివి, "గీ లోపం సరిజేసే ఉపాయమేమన్న ఉందా?" అన్నాడు.

గ్రంథాలయంలో వెతుకుతున్నానని చెప్పాను.