లంబసింగి కొండ మీద మా ఐసు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, డిసెంబరులో, నేను నర్సీపట్నం శివార్లలోని ఒక ఐసు ఫ్యాక్టరీలో ప్లాంట్ సూపర్‌వైజరుగా ఉన్నాను. రిటైర్మెంటు దగ్గర పడింది. యజమాని తర్వాత మాట నాదే; నా కింద ఇద్దరు ఆపరేటర్లు, దిమ్మలు లాగే కళాసీలు ఉండేవారు. మా సరుకు చాలావరకు ఎస్. రాయవరం వైపు తీరంలో చేపల బోట్లకు పోయేది. మిగిలింది సోడా బండ్లకు, పెళ్లి భోజనాలకు. మంచు క్రీడలకు సరఫరా చేస్తామని నా సర్వీసులో ఏనాడూ అనుకోలేదు.

ఆ ఆర్డరు తెచ్చినాయన కార్డు మీద మేనేజింగ్ డైరెక్టర్ అని ఉండటంతో అందరం ఆయన్ని ఎండీ గారనే అనేవాళ్లం. కంపెనీ అంటే లంబసింగి దగ్గర కొండవాలులో కొన్ని గుడారాలు, ఒక భోజనశాల, ముందు రిసార్టు పేరు అక్షరాలుగా కత్తిరించిన పచ్చిక. ఏజెన్సీలో గిరిజనులు కాని బయటివాళ్ల పేరున భూమి ఉండటానికి వీల్లేదు. కాబట్టి కాగితాల ప్రకారం ఎండీ గారు తన రిసార్టులో తానే అతిథి.

లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అంటారు. చలి నిజమే. తెల్లవారుజామున గడ్డి మీద ఎప్పుడైనా తెల్లటి పొర కనిపించే మాటా నిజమే. ఎండెక్కితే అది పోతుంది, దానితోపాటు జనమూ టీ తాగేసి కిందికి దిగిపోతారు. వాళ్లను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాలంటే మంచు కావాలని ఎండీ గారు కనిపెట్టారు. మనాలి వెళ్లి స్కీలు, అంటే జారడానికి కాళ్లకు బిగించుకునే పొడుగాటి పలకలు, నాలుగు జతలు తెచ్చారు. ఇక లేనిదల్లా మంచే.

ఆయన ఫ్యాక్టరీ చూస్తానంటే దగ్గరుండి చూపించాను. మా దగ్గర పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్లు ఉంటాయి. అమోనియా గొట్టాలు ఆ నీళ్లను సున్నాకు బాగా కిందికి చల్లబరుస్తాయి. ఉప్పు ఉండబట్టి అవి గడ్డకట్టవు. మంచినీళ్లు పోసిన ఇనుప డబ్బాలను అందులో ముంచితే, డబ్బా లోపలి నీళ్లు దిమ్మ అవుతాయి. ఉప్పు ఎప్పుడూ డబ్బా బయటే ఉండాలి. ఇదంతా వివరంగా చెప్పాను. ఎండీ గారు ఫోను చూసుకుంటూ విన్నారు. మూలన పేర్చిన ఉప్పు బస్తాలను మాత్రం చాలా శ్రద్ధగా చూశారు. ఫ్యాక్టరీ కిటుకు దొరికిపోయిందన్న తృప్తి ఆ ముఖంలో నాకు అప్పుడే కనిపించింది.

లారీ ఎక్కడ ఆపాలో చూడటానికి ముందుగా ఒకసారి కొండెక్కాను. జేసీబీతో వాలు చదును చేసి దాని మీద టార్పాలిన్లు పరిచారు. టార్పాలిన్ అంచుకు సరిగ్గా కింద ఒక స్ట్రాబెర్రీ మడి ఉంది. అది కొండమ్మది, ఆ ఊరి గిరిజన రైతు. ఉన్న కాస్త భూమిలో మొదటిసారిగా ఆ పంట వేసింది. కాయలకు అప్పుడప్పుడే రంగు తిరుగుతోంది. ఈ ఏడాది ఇంటిల్లిపాదికీ అదే ఆధారమని, పోతే మళ్లీ మొక్కలు కొనలేనని చెప్పింది. మంచి ఐసు కరిగితే మంచినీళ్లే కదా, ఏం కాదని ధైర్యం చెప్పాను.

క్రిస్మస్ మర్నాడే ప్రారంభోత్సవం. ఇంట్లో చుట్టాలను వదిలేసి చీకటితోనే కళాసీలను ఎక్కించుకుని లారీతో బయల్దేరాను. దిమ్మలను క్రషర్‌లో పొడి చేసి టార్పాలిన్ల మీద మంచులా పరిచాం. ఆ క్రషర్ బోట్ల రేవు నుంచి అద్దెకు తెచ్చింది. ఎంత కడిగినా దాని వాసన దానిదే. ఆంధ్రా కశ్మీరు ఆ ఉదయం వంజరం చేప కంపు కొట్టింది. అతిథుల కంటే కాకులు ముందొచ్చాయి.

ముఖ్య అతిథికి స్కీలు బిగించి ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. ఆయన కొంచెం జారి, మర్యాదగా కూర్చుండిపోయారు. చప్పట్లు కొట్టారు. అంతలో ఎండెక్కింది. మంచు పలచబడి కింద నుంచి నీలం టార్పాలిన్ బయటపడసాగింది. ఎండీ గారు సైగ చేయగానే గుడారం వెనక నుంచి ఉప్పు బస్తాలు వచ్చాయి.

నేను అడ్డం వెళ్లాను. ఉప్పు చల్లితే చల్లదనం పెరిగే మాట నిజమేగానీ ఐసు ఇంకా తొందరగా కరిగిపోతుందని, కింద పంట ఉందని చెప్పాను. ఫ్యాక్టరీలో మీరు బస్తాలకు బస్తాలు వాడుకుంటూ మాకు వద్దంటారేమిటని ఆయన నవ్వారు. వ్యాపార రహస్యం దాస్తున్నాననుకున్నారు. నేను మా యజమానికి ఫోను చేస్తే, కస్టమరు చెప్పినట్టు చేయండి అన్నారు. ఈలోగా చల్లడం అయిపోయింది.

వాలు మీది ఐసంతా బురదలా జారిపోయింది. ఆ నీళ్లు ఒక్క చుక్క ఇంకకుండా టార్పాలిన్ మీదుగా తిన్నగా కొండమ్మ మడిలోకి దిగాయి. ఆవిడ చేత్తో అందుకుని నాలుక మీద వేసుకుంది.

"ఏటి బాబూ ఇది, ఉప్పుగుంది? బేగి ఆపండి, నా మొక్కలు సచ్చిపోతాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం కాదని ఆవిడకు చెప్పినవాడిని నేను. అంచు వెంబడి కాలవ తీస్తే నీళ్లు పక్కకు మళ్లుతాయి. పక్కన ఉన్నది ఎండీ గారి పచ్చిక. పార కోసం చూస్తే ఎక్కడా లేదు. ఖాళీగా పడున్న స్కీలు తీసి కళాసీలకు ఇచ్చాను, నేనూ ఒకటి పట్టుకున్నాను. మట్టి తీయడానికి అవి భేషుగ్గా పనికొచ్చాయి.

ఎండీ గారు పరుగున వచ్చారు. "సత్యానందం గారూ, అవి మనాలి నుంచి తెచ్చినవండీ. ఆ నీళ్లు నా లాన్‌లోకి పోతున్నాయి."

"మీ ఉప్పేనండీ. మీ దగ్గరికే పంపిస్తున్నాను" అన్నాను.

కొండమ్మకు పై రెండు వరసలు మాడిపోయాయి. వాటికి మంచినీళ్లు పెట్టినా లాభం లేకపోయింది. మిగతా మడి నిలిచింది, పండింది. పచ్చిక వారం తిరగకుండా పసుపు తిరిగింది. రిసార్టు పేరు చదవడానికి ఇక వీల్లేకపోయింది. మా యజమాని నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. మరుసటి సీజనులో ఎండీ గారు స్కీయింగ్ ఊసెత్తలేదు. మిగిలిన బస్తాలతో, అలసిన పాదాలకు హిమాలయ పద్ధతిలో ఉప్పునీటి చికిత్స మొదలుపెట్టారని విన్నాను. జనం వెళ్లారట కూడా.

మా వృత్తిలో ఐసు ఎక్కడికి పంపాలని అడిగి బిల్లు రాస్తాం. ఆ తర్వాత నేను పనిచేసినంత కాలం, కరిగిన నీళ్లు ఎవరి చేలోకి పోతాయో కూడా అడిగాకే దిమ్మ కదలనిచ్చాను.